బోర్డు మీద ‘ఫిజియోథెరపీ’ అని ఎవరైనా రాసుకోవచ్చా?

మిర్యాలగూడ నుంచి ఒక యువ ఫిజియోథెరపిస్ట్ అడిగిన ప్రశ్న ఇది. బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి, హైదరాబాదులో కొంతకాలం పనిచేసి, సొంత ఊళ్ళో క్లినిక్ తెరిచారు. అదే వీధిలో మసాజ్, ఆక్యుప్రెషర్ చేసే ఒకాయన కొద్ది నెలల సర్టిఫికెట్ కోర్సుతో ‘ఫిజియోథెరపీ సెంటర్’ అని పెద్ద బోర్డు పెట్టుకున్నారు. వచ్చే రోగులకు ఇద్దరికీ తేడా తెలియడం లేదు. ఆ బోర్డును తీయించడానికి చట్టం ఉందా? తన పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకుంటే తేడా తెలుస్తుందా? ఫీజు తగ్గించాలా? ఇవీ మీ మూడు సందేహాలు.

నేను నల్లగొండలో ఇరవై ఏళ్ళకు పైగా ఈ వృత్తిలో ఉన్నాను. ముందు సూటిగా చెప్పేస్తాను. అర్హత లేనివారు ఆ పేరు రాసుకోకూడదు, దాన్ని ఆపించమని అడిగే హక్కు మీకుంది. ‘డాక్టర్’ అన్న మాటతో మీ సమస్య తీరదు. ఫీజు తగ్గించవద్దు. కానీ ఇంకొక మాట కూడా వినాలి. చట్టం ఒక బోర్డును దించగలదు. ఫిజియోథెరపిస్ట్ అంటే ఎవరో, ఏం చేస్తారో ఊరికి చెప్పే పని మాత్రం చట్టం చేయదు. అది మీ బల్ల దగ్గర, మీరు రోగిని చూసే తీరులో జరగాలి.

చట్టం సంగతి ముందు ముగిస్తాను. నేషనల్ కమిషన్ ఫర్ అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం 2021లో వచ్చింది. అంతకుముందు దేశమంతటికీ వర్తించే రక్షణ ఈ వృత్తి పేరుకు లేదు, అందుకే ఎవరికి వారు బోర్డులు కట్టుకున్నారు. ఈ చట్టంలో ఫిజియోథెరపీ నిపుణుడు అంటే ఎవరో స్పష్టంగా రాశారు: కనీసం డిగ్రీ ఉండాలి, రోగిని సమగ్రంగా పరీక్షించి, కదలికలో, శరీరం పనితీరులో వచ్చే లోపాలకు, నొప్పికి, వైకల్యానికి వ్యాయామం, కీళ్ళను చేత్తో కదిలించి సరిచేసే మొబిలైజేషన్, మానిప్యులేషన్, విద్యుత్తు, వేడి వంటి భౌతిక సాధనాలతో చికిత్స చేస్తారు, స్వతంత్రంగా గానీ ఇతర వైద్య బృందంతో కలిసి గానీ పనిచేయవచ్చు. ఆ నిర్వచనాన్ని ప్రింటు తీసి మీ దగ్గర పెట్టుకోండి. ‘డాక్టరు రాసిస్తే మిషన్ పెట్టేవాళ్ళు’ అని ఎవరైనా అన్నప్పుడు చూపించడానికి పనికొస్తుంది. రాష్ట్ర కౌన్సిళ్ళు, రిజిస్టర్లు ఉండాలని, పేరు నమోదు కానివారు నమోదైనట్టు చెప్పుకుంటే, హక్కు లేని పేరు వాడుకుంటే శిక్ష ఉంటుందని కూడా ఆ చట్టమే చెప్తుంది. కాబట్టి మీ మొదటి పని మీ సొంత నమోదు. డిగ్రీ, ఇంటర్న్‌షిప్ పత్రాలు సిద్ధంగా పెట్టుకుని, నమోదుకు సంబంధించిన ప్రతి రసీదునూ భద్రపరచుకోండి. మీ కాగితాలు సరిగా లేకుండా ఎదుటివారి బోర్డు గురించి ఫిర్యాదు చేస్తే ఏ కార్యాలయంలోనూ నిలబడదు.

ఇది ఇద్దరి వ్యాపారాల తగాదా అనుకునేవాళ్ళు మన వృత్తిలోనే ఉన్నారు. నేను అలా అనుకోను. మన ప్రాంతంలో ఈ పేరు తప్పుడు చేతుల్లో పడితే ఏమవుతుందో చెప్తాను.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నారాయణపురం వైపు నుంచి వచ్చే పెద్దవాళ్ళలో ఫ్లోరోసిస్ (నీళ్ళలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, కీళ్ళు దెబ్బతినే జబ్బు) ఇంకా కనిపిస్తుంది. మిషన్ భగీరథ కుళాయి నీళ్ళతో పెరుగుతున్న పిల్లల సంగతి వేరు. దశాబ్దాల పాటు బోరు నీళ్ళు తాగిన ఎముకలు మాత్రం మళ్ళీ మామూలు కావు. ఎక్స్‌రేలో ఆ ఎముక సుద్దముక్కలా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది, కానీ పెళుసుగా ఉంటుంది. వెన్నుపూసలను పట్టి ఉంచే లిగమెంట్లలో కాల్షియం పేరుకుని, వెన్నుపాము వెళ్ళే దారి ఇరుకైపోతుంది. అలాంటి మెడను ఎవరైనా ‘నరం పట్టేసింది’ అంటూ ఒక్క విదిలింపుతో తిప్పితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు.

మర్రిగూడ మండలం నుంచి ఒక పెద్దాయనను కొడుకు నా దగ్గరకు తీసుకొచ్చాడు. మెడ నొప్పి చాలాకాలంగా ఉంది. కొన్ని నెలలుగా కాళ్ళు బిగుసుకుపోతున్నాయి, నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. అప్పటికే ఒక ‘ఫిజియోథెరపీ’ బోర్డు ఉన్నచోట మెడను రెండు వైపులా విరిపించుకున్నారు. ఆ తరువాత చేతుల్లో పట్టు తగ్గింది, చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు. మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టి చూస్తే కాలు ఎగిరిపడింది. అరికాలి మీద గీస్తే బొటనవేలు పైకి లేచింది. వెన్నుపాము మీద ఒత్తిడి ఉందని చెప్పడానికి ఆ గుర్తులు చాలు. నేను ఆయన మెడ మీద చెయ్యి కూడా వేయలేదు. మెత్తటి కాలర్ పెట్టి, కనుగొన్నవన్నీ ఉత్తరంలో రాసి, అదే రోజు హైదరాబాదులో న్యూరోసర్జన్ దగ్గరకు పంపాను. ఆపరేషన్ అయ్యాక నడక కొంత కుదుటపడింది, చేతి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు.

ఆ కొడుకు నన్ను అడిగిన ప్రశ్న, ‘‘అక్కడ కూడా ఫిజియోథెరపీ అనే రాసి ఉంది కదా మేడం, మాకెలా తెలుస్తుంది?’’ వృత్తి పేరును ఎందుకు కాపాడుకోవాలని ఎవరు అడిగినా నేను ఈ ప్రశ్ననే వాళ్ళ ముందు పెడతాను. ఆ పేరు చూసి ఒక మనిషి తన మెడను మరొకరి చేతుల్లో పెట్టాడు.

ఇక్కడ పనిచేసే ఫిజియోథెరపిస్ట్ ప్రతి ఒక్కరూ ఒక చిన్న అలవాటు పెట్టుకోవాలి. ఫ్లోరైడ్ గ్రామాల నుంచి ఎవరు నడుం నొప్పి, మెడ నొప్పి అని వచ్చినా గడ్డం ఛాతీకి ఆనించమనండి, చేతులు తల వెనక్కి పెట్టమనండి, మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు అందుకోమనండి. ఫ్లోరోసిస్ సర్వేల్లో వాడే తేలికైన పరీక్షలివి, రెండు నిమిషాలు కూడా పట్టవు. ఆ తరువాతే మిగతా సంగతి.

పాలమూరు వైపు మరో రకం. మక్తల్, నారాయణపేట ప్రాంతాల నుంచి ముంబయి, పుణే కట్టడం పనులకు వెళ్ళి, పరంజా మీద నుంచి పడి, కాలికి కట్టుతో ఇంటికి చేరేవాళ్ళు ఉంటారు. కట్టు విప్పాక పిక్క వాచి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉందనుకోండి. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చని అనుమానించి, రక్తప్రవాహాన్ని చూసే డాప్లర్ స్కానుకు పంపాలి. అది తెలియని చెయ్యి నూనె రాసి గట్టిగా పిసికితే, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఎప్పుడు ముట్టుకోకూడదో తెలియడం మన చదువులో సగం.

అన్నింటికంటే ఎక్కువగా నేను చూసే సమస్య మాత్రం బోర్డులు లేనివాళ్ళతోనే. పక్షవాతం వచ్చిన రోగిని ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ‘ఫిజియోథెరపీ చేయించండి’ అంటారు. ఎవరితో చేయించాలో చెప్పరు. ఆసుపత్రిలో మిషన్లు తగిలించే సహాయకుడు, లేదా వార్డులో రోగులను అటూ ఇటూ తిప్పే అబ్బాయి సాయంత్రాలు ఇళ్ళకు వెళ్తాడు, తనను ‘ఫిజియో’ అని పరిచయం చేసుకుంటాడు. అతను పడిపోయిన చేతిని మణికట్టు దగ్గర పట్టుకుని తలపైకి లాగుతాడు. చచ్చుబడిన భుజంలో కీలును పట్టి ఉంచే కండరాలకు బలం ఉండదు, ఎముక గుంతలోంచి కాస్త కిందికి జారి ఉంటుంది. ఆ స్థితిలో భుజం ఎముకను చేత్తో ఆదుకోకుండా లాగితే చుట్టూ ఉన్న కణజాలం నలిగి వాస్తుంది. పది రోజులకు భుజం ముట్టుకోనివ్వరు. ‘ఫిజియోథెరపీ చేయిస్తే నొప్పి పెరిగింది, మానేశాం’ అంటారు. పక్షవాతం తరువాత మొదటి కొన్ని నెలలు ఎంత విలువైనవో మీకు తెలుసు. ఆ నెలలు అలా పోతాయి. చెడ్డపేరు మాత్రం మన వృత్తికి మిగులుతుంది, ఎందుకంటే ఆ ఇంట్లో వాళ్ళ దృష్టిలో వచ్చింది ఫిజియోథెరపిస్టే.

కాబట్టి మీరు కాపాడవలసింది ఎదుటి వీధిలో బోర్డు ఒక్కదాన్నే కాదు, ఇళ్ళలో వాడుకలో ఉన్న ఆ పేరును కూడా. పక్షవాతం రోగి ఇంటికి మొదటిసారి వెళ్ళినప్పుడు మీ నమోదు కార్డు చూపించండి, మీ పేరు, చదువు ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. ఎవరు వచ్చినా ఇలాగే అడగమని కుటుంబానికి చెప్పండి. మీరు మీ సహాయకుడిని పంపాలనుకుంటే అతను సహాయకుడని చెప్పి పంపండి. మన వాళ్ళే చాలామంది ఇక్కడ తప్పుతున్నారు.

ఈ తప్పు గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలి. రోగులు మన దగ్గరకు వచ్చి ‘కరెంటు పెట్టించుకోవాలి’ అని ఎందుకు అంటున్నారు? మనం అదే చేస్తున్నాం గనుక. బయట డాక్టరు చీటీ మీద ‘ఫిజియోథెరపీ పది రోజులు’ అని ఒక్క ముక్క రాస్తారు. మన క్లినిక్‌లో రోగిని పడుకోబెట్టి నొప్పికి కరెంటు పెట్టే ఐఎఫ్‌టీ మిషను ప్యాడ్లు పెట్టి, పావుగంట గడియారం తిప్పుతాం, ఆ తరువాత మన దగ్గర పనిచేసే అమ్మాయి వచ్చి తీసేస్తుంది. మరునాడూ అదే. పరీక్ష లేదు, రాత లేదు, ఇంట్లో చేయవలసిన వ్యాయామం లేదు. మసాజ్ చేసే ఆయన కనీసం అరగంట పాటు మాట్లాడుతూ చేతులతో పనిచేస్తాడు. ఇక రోగి ఇద్దరికీ తేడా ఎలా కనిపెడతాడు? మిషనును ఎవరైనా కొనవచ్చు. ‘ఉచిత ఫిజియోథెరపీ’ అని బోర్డు కట్టి వేడి మంచాలు అమ్మేవాళ్ళ దగ్గర మన కంటే ఖరీదైన మిషన్లు ఉన్నాయి. మిషనుతో గుర్తింపు తెచ్చుకోవాలనుకుంటే ఆ పోటీలో మనం ఓడిపోతాం.

ఈ వృత్తికి మొదటి సంఘం పుట్టిందే ఇలాంటి ఇబ్బందిలోంచి. లండన్‌లో మసాజ్ పేరుతో నడిచే కొన్ని చోట్ల వ్యవహారాలు బయటపడి, 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ జనాన్ని హెచ్చరించింది. శిక్షణ పొంది నిజాయితీగా పనిచేసే నర్సులకు కూడా ఆ మచ్చ అంటుకుంది. అప్పుడు నలుగురు నర్సులు కలిసి శిక్షణ పొందిన మసాజ్ నిపుణుల సంఘం పెట్టారు. తరువాత చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అయింది అదే. వాళ్ళు మొదట ఎదుటివారి బోర్డుల మీద పడలేదు. తమకు తామే నియమాలు పెట్టుకున్నారు: వైద్యుడి సూచన లేకుండా చేయకూడదు, వైద్య పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వకూడదు, మందులు అమ్మకూడదు, పరీక్ష పాసైతేనే సభ్యత్వం. 1920లో వాళ్ళకు రాజశాసనం వచ్చింది. మన దేశంలో బొంబాయి పోలియో తాకిడి తరువాత 1953లో కేఈఎం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల మొదలైంది. కాళ్ళు చచ్చుబడిన పిల్లలను నిలబెట్టి నడిపించడంతో ఇక్కడ ఈ వృత్తికి పేరు వచ్చింది. రెండుచోట్లా పని ముందు, పేరు తరువాత.

ఇక ‘డాక్టర్’ విషయం. 2025 సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ నుంచి ఫిజియోథెరపిస్టులు ఆ మాట వాడకూడదని లేఖ వచ్చింది, మరునాడే దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ లేఖకు ముందురోజే మనం ప్రపంచ ఫిజియోథెరపీ దినం జరుపుకున్నాం, అందుకే చాలామందికి మనసు బాగా నొచ్చింది, నాకూ నొచ్చింది. అదే ఏడాది జాతీయ కమిషన్ విడుదల చేసిన పాఠ్యప్రణాళికలో పేరు ముందు డాక్టర్, చివర పీటీ అని వాడుకునే ప్రస్తావన ఉంది. విషయం కోర్టుల దాకా వెళ్ళింది, వాదనలు రెండువైపులా ఉన్నాయి. నా అభిప్రాయం అడిగారు గనుక చెప్తున్నాను. మీరు వాడుకోండి, మానుకోండి, ‘ఫిజియోథెరపిస్ట్’ అన్న మాట మీ పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో అంత పెద్దగా, తెలుగులో, పేరు కిందనే ఉండాలి. మన పట్టణాల్లో కొందరు పేరు ముందు డాక్టర్ అని పెద్దగా రాసి, ఫిజియోథెరపిస్ట్ అన్నది మూలన కనిపించీ కనిపించకుండా రాస్తున్నారు. అలా రాసినవారికి మీ వీధిలో ఆయనను తప్పుపట్టే అర్హత ఏముంది? ఇద్దరూ తమది కాని గుర్తింపు వెనక నిలబడినవాళ్ళే. పైగా నాలుగేళ్ళు అనాటమీ, బయోమెకానిక్స్, న్యూరాలజీ చదివి సంపాదించిన సొంత పేరును మనమే దాచుకుంటే, దాన్ని గౌరవించమని ఇంకొకరిని ఎలా అడగగలం?

బోర్డు మీద బీపీటీ, నమోదు సంఖ్య రాయండి. ఎంపీటీ న్యూరో (నరాల సమస్యల్లో పీజీ) చదవకుండా ‘న్యూరో స్పెషలిస్ట్’ అని, చదవని దానికి ‘స్పైన్ స్పెషలిస్ట్’ అని రాయవద్దు. రసీదు మీద, వ్యాయామం కాగితం మీద అదే పేరు, అదే సంఖ్య ఉండాలి.

ఫిర్యాదు ఎలా చేయాలంటే, ముందు ఆయన దగ్గరకు ఒకసారి మర్యాదగా వెళ్ళి మాట్లాడండి. చట్టం వచ్చిందని తెలియనివాళ్ళు నిజంగానే ఉన్నారు. మసాజ్, ఆక్యుప్రెషర్ అని రాసుకుంటే మీకు అభ్యంతరం లేదని చెప్పండి. నాకు తెలిసి ఇలా మాట్లాడితే బోర్డు మార్చుకున్నవారు ఉన్నారు. వినకపోతే బోర్డు ఫొటో, చీటీ, రసీదు వంటి ఆధారాలు జతచేసి జిల్లా వైద్య ఆరోగ్య అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక ప్రతి రాష్ట్ర కౌన్సిల్‌కు పంపండి. నల్లగొండ కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణిలో కూడా ఇవ్వవచ్చు, అక్కడ ఇచ్చిన అర్జీకి రసీదు అడిగి తీసుకోండి. ఫిర్యాదులో ఆయన మంచివాడా చెడ్డవాడా అన్న ప్రస్తావన వద్దు. అర్హత లేకుండా ఫలానా పేరు వాడుతున్నారు, ఇదీ ఆధారం, అంతే. ఒంటరిగా వెళ్ళవద్దు. సూర్యాపేట, దేవరకొండ, కోదాడ వైపు ఉన్న ఫిజియోథెరపిస్టులతో కలిసి సంతకాలు చేసి ఇస్తే బరువు వేరు. వాట్సాప్ గ్రూపుల్లో ఆయన ఫొటో పెట్టి తిట్టడం మాత్రం చేయకండి, పరువు నష్టం కేసు మీ మీదికి వస్తుంది. ఎవరికైనా నిజంగా హాని జరిగి ఉంటే ఆ రోగి స్వయంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. ఆ రోగికి మీరు చేయగలిగిన సాయం, మీరు చూసిన రోజున కనుగొన్నది తేదీతో సహా రాసి ఇవ్వడం.

ఎవరితో తగాదా పెట్టుకోకూడదో కూడా చెప్పాలి. ఊళ్ళల్లో ఎముకలకు కట్టు కట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ పద్ధతి మీద నాకు తీవ్రమైన అభ్యంతరాలున్నాయి. కట్టు బిగిసి చెయ్యి నల్లబడిన పిల్లలను చూశాను. కానీ వాళ్ళు మన పేరు పెట్టుకోలేదు. ఆ సమస్య వేరు, దాన్ని ఈ ఫిర్యాదులో కలిపితే రెండూ చెడతాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఇదే చట్టం కింద, కృత్రిమ అవయవాలు తయారుచేసేవాళ్ళు, స్పీచ్ థెరపిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం కింద తమ పేర్లు కాపాడుకుంటున్నవాళ్ళే. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రానికి వచ్చే పిల్లవాడికి మాట రాకపోతే మనమే రెండు వ్యాయామాలు చేయించి స్పీచ్ థెరపీ అనకూడదు. మన పేరుకు అడిగే గౌరవం వాళ్ళ పేరుకూ ఇవ్వాలి.

ఇక ఫీజు. ఆయన వంద తీసుకుంటున్నారని మీరు తొంభైకి దిగితే, మీరిద్దరూ ఒకే సరుకు అమ్ముతున్నారని మీరే ఒప్పుకున్నట్టు. దానికి బదులు రోజుల సంఖ్య తగ్గించండి. మొదటి రోజు ముప్పావుగంట కేటాయించి పూర్తిగా పరీక్షించండి. ఏమి కనుగొన్నారో తెలుగులో నాలుగు వాక్యాలు రాసి రోగి చేతికివ్వండి: నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది, ఏ కదలిక ఎంత తగ్గింది, ఎన్ని రోజుల్లో ఏ మార్పు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మూడు వ్యాయామాలు నేర్పి, ఇంటినుంచి వచ్చినవారి చేత కూడా చేయించి చూడండి. దామరచర్ల నుంచి బస్సు ఎక్కి వచ్చే కూలీ మనిషికి పది రోజుల పని పోగొట్టే కంటే, నాలుగుసార్లు పిలిచి మిగతాది ఇంట్లో చేయించండి. పంపిన డాక్టరుకు ఆ పరీక్ష వివరాలతో ఒక ఉత్తరం పంపండి. మొదట్లో జవాబు రాకపోవచ్చు, అయినా ప్రతి రోగికీ పంపండి. కొన్నాళ్ళకు ఆ డాక్టరు చీటీ మీద ‘ఫిజియోథెరపీ పది రోజులు’ అని రాయడం మానేసి మీ పేరు రాస్తారు. నా దగ్గర అలాగే జరిగింది, ఏడాది పైనే పట్టింది.